విమర్శకు చదువుతో జవాబు

క్యాంపస్‌లో ఎవరైనా మన ధర్మాన్ని తక్కువ చేసి మాట్లాడితే మనసు చివుక్కుమంటుంది కదా. ఆ బాధ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారూ పడ్డారు.

1888లో తిరుత్తణిలో, తెలుగు కుటుంబంలో పుట్టారు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివేటప్పుడు, హిందూ మతం మీద మిషనరీల విమర్శలు ఆయన్ని కలవరపెట్టాయి. గొడవకి దిగకుండా మన గ్రంథాలు తెరిచారు. వేదాంతంలో నీతికి చోటు లేదన్న మాటకి జవాబుగా, ఆ నీతి మీదే ఎం.ఏ. థీసిస్ రాశారు. దాన్ని మెచ్చుకున్నది ఎవరో తెలుసా? అదే కాలేజీలోని క్రైస్తవ ప్రొఫెసర్ ఎ.జి. హాగ్!

1926లో ఆక్స్‌ఫర్డ్‌లోని మాంచెస్టర్ కాలేజీలో హిందూ జీవన దృష్టి గురించి ఉపన్యాసాలిచ్చారు. 1936లో ఆక్స్‌ఫర్డ్‌లోనే ప్రాచ్య మతాల ప్రొఫెసర్ అయ్యారు. 1975లో కన్నుమూశారు.

హాస్టల్‌లో ఎవరైనా ప్రశ్నిస్తే ముందు మన పుస్తకం తెరుద్దాం. వాళ్ల మాటా ఓపిగ్గా విందాం.