హష్మత్ జంగ్: దర్బారులో దూత

హైదరాబాద్ కోఠీలోని రెసిడెన్సీ భవనాన్ని చూసినవారు ఎందరో ఉన్నారు. దాన్ని కట్టించిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ నిర్వహించిన పదవికి మన కృష్ణా తీరంతో ఉన్న సంబంధం మాత్రం కొద్దిమందికే తెలుసు.

1766లో నిజాం అలీఖాన్ కొండపల్లితో సహా ఉత్తర సర్కార్లను, ఏటా పేష్కష్ చెల్లించాలనే షరతుపై, ఈస్టిండియా కంపెనీకి అప్పగించారు. కృష్ణకు ఆవలనున్న గుంటూరు సర్కారు నిజాం సోదరుడు బసాలత్ జంగ్ చేతిలో ఉండిపోయింది. 1779లో మద్రాసు ప్రభుత్వం బసాలత్ జంగ్ నుంచి గుంటూరును కౌలుకు తీసుకోవడంతో నిజాం ఆగ్రహించారు. ఆ ఏడాదే జాన్ హాలండ్‌ను కంపెనీ దూతగా హైదరాబాద్‌కు పంపారు. రెసిడెంట్ పదవి అలా మొదలైంది. దర్బారులో కంపెనీ మాట వినిపించడం, దర్బారు సంగతులు కంపెనీకి రాసి పంపడం ఆ దూత పని.

1764లో మద్రాసులో పుట్టిన కిర్క్‌పాట్రిక్ 1798లో ఆ పదవిలోకి వచ్చారు. ఫారసీ, హిందుస్తానీ బాగా ఎరిగినవారు. దర్బారు దుస్తులు ధరించి, అక్కడి అదబ్ పాటించి నిజాం అభిమానం పొందారు. హష్మత్ జంగ్ అనే బిరుదు అందుకున్నారు.

అయితే ఆ అభిమానం వల్ల ఎక్కువ లాభపడింది కంపెనీయే. 1798 ఒడంబడికతో నిజాం కొలువులోని ఫ్రెంచి అధికారుల పటాలాలు రద్దయ్యాయి. 1800 ఒడంబడికతో నేటి రాయలసీమ ప్రాంతాలు కంపెనీ పరమయ్యాయి. కంపెనీని సంప్రదించకుండా నిజాం ఇతర రాజ్యాలతో మంతనాలు జరపరాదనే నిబంధన కూడా అందులో ఉంది. దూతగా వచ్చిన పదవి క్రమంగా పెత్తనంగా మారింది.

మీర్ ఆలం బంధువు ఖైరున్నిసా బేగంను కిర్క్‌పాట్రిక్ నికాహ్ చేసుకున్నారు. అందుకోసం ఇస్లాం స్వీకరించారని ఆనాటి పత్రాల ఆధారంగా చరిత్రకారులు చెబుతున్నారు. ఈ వివాహంపై గవర్నర్ జనరల్ వెల్లస్లీ విచారణ జరిపించినా పదవి నిలిచింది. కుటుంబం మాత్రం నిలవలేదు. 1805లో నాలుగేళ్ల సాహెబ్ ఆలంను, మూడేళ్ల సాహెబ్ బేగంను ఇంగ్లండుకు పంపించివేశారు. ఆ ఏడాదే అక్టోబర్ 15న కలకత్తాలో ఆయన కన్నుమూశారు.

ఖైరున్నిసా బేగం హైదరాబాద్‌కు తిరిగి వెళ్లే వీలులేక కొంతకాలం మన మచిలీపట్నంలో తలదాచుకున్నారు. ఆ తరువాత హైదరాబాద్ చేరినా, బిడ్డలను మళ్లీ చూడకుండానే 1813లో మరణించారు.

రెసిడెంట్ పదవి 1947 దాకా సాగింది. రెండు ప్రభుత్వాలను కలిపి ఉంచిన ఆ దూత, తన ఇంటివారిని ఒక్కచోట ఉంచుకోలేకపోయారు.