కాంక్రీటును బిగించి నిలిపిన ఫ్రెసినే

యూజీన్ ఫ్రెసినే 1879వ సంవత్సరము జూలై 13వ తేదీన ఫ్రాన్సు దేశమందలి ఓబ్జా అను ఊర జన్మించెను. పారిస్ నగరమున ఇంజనీరింగు విద్య ముగించి, వంతెనలు, రహదారుల శాఖలో ఉద్యోగియై అలియే నదీప్రాంతమునకు వచ్చెను.

అచ్చట ఒక్క రాతి వంతెనకగు వ్యయముతో మూడు కాంక్రీటు వంతెనలు కట్టింపవచ్చునని ఆయన నిరూపింపబూనెను. వానిలో లె వర్ద్ర్ వంతెనయందు నడిమి కమాను నిడివి 72 మీటర్లు. అది పూర్తియైన కొన్ని నెలలకే, 1911లో, కమానుల నడిభాగములు నానాటికి క్రుంగసాగెను. ఇట్లేల జరుగునో ఆనాటి శాస్త్రము చెప్పజాలకుండెను. ఫ్రెసినే కొద్దిమంది పనివారితో రాత్రివేళ జాకీలు బిగించి, కమానుల నెత్తించి వంతెనను కాపాడెను. బరువు మోయు కాంక్రీటు ఏండ్ల తరబడి మెల్లగా కుదించుకొనిపోవునని ఆ యాపదయే ఆయనకు నేర్పెను.

కాంక్రీటు నొక్కుడు కోర్చును గాని లాగుడునకు పగులును. బరువు పడినప్పుడు దూలము అడుగుభాగము సాగి పగులుటకు కారణమిదియే. దానిని ముందే ఉక్కుతీగలతో బిగించియుంచినచో పగుళ్లు రావు. కాచి తొడిగిన ఇనుపపట్టా చల్లారి బండిచక్రమును బిగించుట గ్రామవాసు లెల్లరు ఎరిగినదే. ఐతే సాధారణపు ఇనుము సాగునది కొంచెము. కాంక్రీటు కుదింపుతో ఆ బిగువంతయు సడలిపోవును. మిక్కిలి గట్టి ఉక్కుతీగను అధికముగా లాగి కట్టిననే బిగువు నిలుచునని గ్రహించి, ఫ్రెసినే 1928లో పేటెంటు పొందెను.

ఈ పద్ధతితో స్తంభములు చేయుటకు కర్మాగారము నెలకొల్పి, ఆర్థికమాంద్యమున తన ధనమంతయు పోగొట్టుకొనెను. ఆయన నిరాశ చెందలేదు. లె హావ్ర్ రేవులో క్రుంగిపోవుచున్న ఓడల స్టేషను పునాదులను ఈ పద్ధతితోనే నిలిపి, లోకుల విశ్వాసమును చూరగొనెను.

1946లో ముగిసిన లూజాన్సి వంతెన మార్న్ నదిపై 55 మీటర్లు సాగును. నడుమ దాని మందము మీటరున్నరకైన చాలదు. దూలములను ముక్కలుగా పోతపోసి, తీగలతో కూర్చి, నదిపై కెత్తి నిలిపిరి. పిదప అదే నదిపై 74 మీటర్ల వంతెనలైదింటిని ఒకే నమూనాలో కట్టుటచే శ్రమయు వ్యయమును తగ్గెను.

1962 జూన్ 8వ తేదీన ఫ్రెసినే స్వర్గస్థుడయ్యెను. నేడు మన రహదారి వంతెనలలో గూడ ఇట్టి దూలములు విరివిగా కలవు. వస్తువును తగ్గించుటకు ముందు దాని స్వభావము నెరుగుటయే నిజమైన పొదుపని ఆయన జీవితము చాటుచున్నది.