నీటిలో నిలిచిన రంగు

మార్కాపురం పలకపై అక్షరాలు దిద్దని తెలుగు బిడ్డలు ఒకప్పుడు అరుదు. గిద్దలూరు, కంభం మొదలుకొని దూరరాష్ట్రాల వరకు ఆ నల్లరాతి పలకలే తొలి గురువులు. తప్పుపోయిన అక్షరాన్ని తడిగుడ్డతో తుడిచి మళ్లీ దిద్దుకోవడం ఆ చదువులోని మొదటి పాఠం. అయితే పలకను తుడిస్తే పాత గీత జాడ మిగలదు. కాగితంపై వేసిన రంగు అలా కాదు; కడిగినా దాని ఛాయ నిలుస్తుంది. ఆ నిలిచిన ఛాయనే ఆధారంగా చేసుకొని చిత్రరచన సాగించిన తెలుగు కళాకారులలో అగ్రగణ్యుడు అడివి బాపిరాజు.

బాపిరాజు 1895 అక్టోబరు 8న భీమవరంలో జన్మించాడు. రాజమహేంద్రవరం కళాశాలలో చదివేటప్పుడు ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే దొర అతనిలోని కళాభిరుచిని గుర్తించాడు. ఆ దొర తన శిష్యులను అజంతా గుహలకు తీసుకొనివెళ్లి, ప్రాచీన భారతీయ చిత్రకళా వైభవాన్ని కన్నులారా చూపించాడు. ఆ శిష్యబృందంలోనివాడే దామెర్ల రామారావు. రామారావు బొంబాయి కళాశాలకు వెళ్లి చిత్రకారుడయ్యాడు. బాపిరాజు మాత్రం మద్రాసులో న్యాయశాస్త్రం అభ్యసించాడు. ఇంతలో సహాయ నిరాకరణోద్యమం వచ్చింది. చదువును విడిచి ఉద్యమంలో దూకిన బాపిరాజు కారాగారవాసం అనుభవించాడు. తరువాత న్యాయవాద పట్టా పొంది కొంతకాలం వృత్తి చేసినా, మనస్సు అందులో నిలవలేదు. ఆదాయం గల వృత్తి ఒకవైపు, అన్నం పెడుతుందో లేదో తెలియని కళ మరొకవైపు నిలిచాయి. అతడు కళనే వరించాడు.

1910లో బందరులో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల అతనికి ఆశ్రయమయింది. అక్కడ వంగదేశీయుడైన ప్రమోదకుమార ఛటోపాధ్యాయుడు చిత్రకళాచార్యుడు. ఆయన వద్ద బాపిరాజు వంగ సంప్రదాయపు 'వాష్' పద్ధతిని అభ్యసించాడు. ఆ పద్ధతికి ఆద్యుడు అవనీంద్రనాథ ఠాకూరు. జపాను నుండి కలకత్తాకు వచ్చిన చిత్రకారులు తడికుంచెతో కాగితాన్ని మెత్తబరచడం చూసి, అవనీంద్రుడు కాగితాన్నే నీటిలో ముంచే ప్రయోగం చేశాడని ప్రసిద్ధి.

ఈ పద్ధతిలో ముందుగా దళసరి కాగితంపై రేఖాచిత్రం గీస్తారు. నీటిలో పలుచగా కలిపిన రంగులను పూసి ఆరనిస్తారు. ఆరిన కాగితాన్ని నీటిలో ముంచితే, అంటని రంగు కొట్టుకొనిపోయి అంటినది మిగులుతుంది. దానిపై వెడల్పాటి కుంచెతో మరొక పలుచని రంగును అంతటా పారిస్తారు. మళ్లీ ఆరబెట్టడం, మళ్లీ ముంచడం. ఇలా పలుమార్లు జరిగితేగాని సంధ్యాకాంతి వంటి మెత్తని వర్ణం సిద్ధించదు. రంగు చిక్కగా కలిస్తే కాగితం తెల్లదనం లోపలినుండి వెలగదు. పొసగని రంగులు కలిస్తే బురదవన్నె వస్తుంది. తైలవర్ణ చిత్రంలో తప్పు దొర్లితే పైన మరొక పూత పూసి కప్పవచ్చు. ఇక్కడ కప్పడానికి వీలులేదు, కడిగి సరిదిద్దుకోవలసిందే. అతిగా రుద్దితే కాగితం పొర లేచిపోతుంది. నేటి యువత ఆక్రిలిక్ రంగులను కాన్వాసుపై పోసి, వంచి, పారించి చిత్రాలు తీర్చుతున్నది. సాధనాలు వేరైనా, పారే రంగును మన్నిస్తూనే అదుపులో ఉంచుకోవాలన్న సూత్రం రెండింటికీ సమానమే.

1925లో మశూచి సోకి దామెర్ల రామారావు ఇరవయ్యెనిమిదేండ్లయినా నిండకుండానే మరణించాడు. కూల్డ్రే నాటిన విత్తనాలలో ఒకటి అకాలంలో రాలిపోయింది. ఆంధ్ర చిత్రకళను నిలబెట్టే బాధ్యత మిగిలినవారిపై పడింది. బాపిరాజు ఆ భారాన్ని కుంచెతోనే గాక కలంతో కూడా మోశాడు. ఆంధ్ర జాతీయ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యాడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో అతని 'నారాయణరావు' విశ్వనాథవారి 'వేయిపడగలు'తో సమంగా బహుమతి పంచుకొన్నది. 'హిమబిందు'లో శాతవాహన యుగానికీ, 'గోన గన్నారెడ్డి'లో కాకతీయ యుగానికీ రూపం కల్పించాడు. మార్కాపురం చెంతనున్న త్రిపురాంతకం శాసనాలలో నిలిచిన కాకతీయుల కాలం, ఆ నవలలో చిత్రకారుని దృష్టితో వర్ణమయమయింది. అనసూయ, ధ్రువవిజయం వంటి తొలినాటి చలనచిత్రాలకు కళాదర్శకత్వం వహించాడు. హైదరాబాదులో 'మీజాన్' పత్రికకు సంపాదకుడయ్యాడు.

ఇన్ని రంగాలలో తిరిగినా సంపదను కూడబెట్టుకొనే దృష్టి అతనికి లేకపోయింది. 1952 సెప్టెంబరు 22న బాపిరాజు కన్నుమూశాడు.

న్యాయవాదవృత్తి, కారాగారం, అధ్యాపకత్వం, పత్రిక, చలనచిత్రం - ఇవన్నీ అతని జీవితపత్రంపై ఒకదానిపై ఒకటి పారిన పూతలు. కాలమనే నీటిలో ముంచగా కొన్ని కొట్టుకొనిపోయాయి. నిలిచిన వర్ణం కళాసాధన. పొరపాటును కప్పిపుచ్చక కడుగుకోవడం, కడిగిన తరువాత మిగిలినదానిపై మరల ఓర్పుతో పని సాగించడం చిత్రకారునికే గాక విద్యార్థికి కూడా శిరోధార్యం.