కానరాని రెండు రీళ్లు: బేలా లుగోసీ జీవితము

రాత్రివేళ శవపేటిక నుండి లేచి మనుష్యుల నెత్తురు త్రాగు డ్రాక్యులా ప్రభువు పేరు వినగానే, ఆ కథ చదివినవారికిని చదువనివారికిని ఒక్కటే రూపము తోచును. నున్నగా దువ్విన నల్లని జుట్టు, మడమలనంటు నల్లని పైవస్త్రము, రెప్పవాల్చని చూపు, ఒక్కొక్క మాటను సాగదీసి పలుకు విదేశపు యాస. బ్రామ్ స్టోకరు 1897లో వెలువరించిన నవలలోని ప్రభువు ఇట్టివాడు కాడు. అతడు పొడవైన తెల్లని మీసములుగల వృద్ధుడు. లోకుల మనస్సులలో నిలిచిన రూపము బేలా లుగోసీ అను నటుడు ఇచ్చినది. ఆ రూపము నేటికిని తెరమీద చూడనగును. అతని బ్రతుకును పెడదారికి త్రిప్పిన మరియొక చిత్రఖండమును మాత్రము ఎవ్వరును చూడజాలరు.

లుగోసీ 1882 అక్టోబరు 20వ తేదీన హంగరీ రాజ్యమునందలి లుగోష్ పట్టణమున జన్మించెను. ఆ పట్టణము ఇప్పుడు రుమేనియాలో నున్నది. తల్లిదండ్రులిడిన పేరు బేలా బ్లాష్కో. పుట్టిన ఊరి పేరునే తరువాత ఇంటిపేరుగా చేసికొనెను. పండ్రెండేండ్ల ప్రాయముననే బడి విడిచి, ఇల్లు విడిచి, గనులలో కూలిపని చేసెను. పిదప చిన్న నాటక సమాజములలో చేరి, క్రమముగా పైకి వచ్చి, 1913లో బుడాపెస్టు జాతీయ రంగశాలలో ప్రవేశించెను. మొదటి ప్రపంచ యుద్ధమున సైనికుడై గాయపడి తిరిగివచ్చెను. 1919లో అచ్చటి విప్లవ ప్రభుత్వ కాలమున నటుల సంఘము నిర్మించుటకు పూనుకొనినందున, ఆ ప్రభుత్వము కూలిన వెంటనే దేశము విడువవలసి వచ్చెను. వియన్నాకును, అటనుండి బెర్లినుకును పోయి, 1920 డిసెంబరులో ఓడ పనివాడుగా అమెరికా తీరము చేరెను.

అప్పటికతడు ముప్పదియెనిమిదేండ్లవాడు. ఇంగ్లీషు రాదు. ఆ భాషలో నాడిన తొలి నాటకమున తన మాటలను అర్థమునుబట్టి గాక ధ్వనినిబట్టి వల్లెవేసి పలికెను. 1927లో న్యూయార్కునందు డ్రాక్యులా నాటకమున ప్రధాన పాత్ర లభించెను. అది 261 ప్రదర్శనలు నడచెను. 1931 ఫిబ్రవరిలో యూనివర్సల్ వారి డ్రాక్యులా చిత్రము విడుదలయ్యెను. ఏడు వారముల పనికి వారమునకు 500 డాలర్లచొప్పున అతనికి ముట్టినది మొత్తము 3,500 డాలర్లు. చిత్రము తెచ్చిన లాభమునకును ఈ మొత్తమునకును పోలికయే లేదు. కాని పేరు వచ్చెను.

ఆ పేరునుబట్టియే సంస్థవారు తమ తదుపరి చిత్రము ఫ్రాంకెన్‌స్టైనుకు లుగోసీని తలచిరి. ఇది మేరీ షెల్లీ 1818లో ప్రకటించిన నవల. ఒక శాస్త్రజ్ఞుడు శవముల అవయవములు కూర్చి ఒక ఆకారము చేసి దానికి ప్రాణము పోయును. లుగోసీ ఆ శాస్త్రజ్ఞుని పాత్రను కోరెను. సంస్థవారు ప్రాణము పోసికొన్న భూతమును ఇచ్చిరి. ఆ భూతమునకు మాటలు లేవు. కంఠముచేతనే పేరుగన్న నటుడు, అన్యభాషను అంత కష్టపడి నోటికి లొంగదీసికొనినవాడు, ఇక మూగవాడుగా తిరుగవలెను. ముఖము సయితము పూతల క్రింద దాగిపోవలెను.

పాత్రను నిశ్చయించుటకు ముందు నటునికి వేషము వేసి కొద్దిభాగము చిత్రించి చూచుకొనుట సినిమావారి ఆచారము. దీనినే స్క్రీన్ టెస్టు అందురు. 1931 జూనులో దర్శకుడు రాబర్ట్ ఫ్లోరీ, ఛాయాగ్రాహకుడు పాల్ ఇవానో, ఇంకను కూల్చక యుంచిన డ్రాక్యులా కోటలోనే ఈ పరీక్ష జరిపిరి. చిత్రించినది రెండు రీళ్లు; ఇంచుమించు ఇరువది నిమిషములు.

లుగోసీ అందులో ఎట్లుండెను? కూడ నటించిన ఎడ్వర్డ్ వాన్ స్లోన్ జ్ఞాపకమునుబట్టి, తలపై వెడల్పైన జుట్టు టోపీ, మట్టిబొమ్మవలె నిగనిగలాడు చర్మము. తక్కినవారి మాటలు దీనితో పొసగవు. తానే ఆ పాత్రను కాదంటినని లుగోసీ చెప్పుకొనెను. క్రొత్తగా వచ్చిన దర్శకుడు జేమ్స్ వేల్ అతనిని కోరలేదని ఇతరులు చెప్పిరి. దస్తావేజు నశించిన వ్యవహారమున నోటిసాక్ష్యములే శరణ్యము. ఆ సాక్ష్యములు ఒండొంటితో కలియకుండుటయు లోకములో నున్నదే. ఆ కాలపు సినిమా ఫిల్ము సులభముగా అంటుకొనునది, దానంతట అదియే కుళ్లిపోవునది. ప్రజలకు చూపు చిత్రములనే పదిలపరుపని కాలమున, పని తీరిన పరీక్షా చిత్రమును దాచువారెవరు?

ఫ్లోరీ, లుగోసీలకు బదులుగా వేరొక చిత్రమిచ్చి పంపిరి. భూతము పాత్ర బోరిస్ కార్లాఫ్‌కు పోయెను. ఈతడు ఇంగ్లండువాడు, ఇతని తండ్రి బ్రిటిషు ఇండియాలో ఉప్పు శాఖ ఉద్యోగి. 1931 నవంబరులో విడుదలయిన ఫ్రాంకెన్‌స్టైను ఆరంభమున, పాత్రధారుల పట్టికలో భూతమున కెదురుగా పేరు వేయక ప్రశ్నార్థక చిహ్నము మాత్రమే వేసిరి. చిత్రము ముగియుసరికి ఆ పేరు ఎల్లరకును కావలసిన పేరయ్యెను. తరువాత ఇరువురును కలిసి పలు చిత్రములలో నటించినను, పెద్దపీట తఱచుగా కార్లాఫ్‌దే.

1936 తరువాత భయానక చిత్రముల నిర్మాణము ఆగిపోగా లుగోసీ మిక్కిలి చితికిపోయెను. 1938లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక సినిమాహాలు డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టైను చిత్రములను కలిపి ఆడించగా జనము విరుగబడిరి. అందువలననే అతనికి మరల పని దొరికెను. 1939లో మెడ విరిగిన ఇగోర్‌గా వేసిన వేషము అతని గొప్ప పాత్రలలో నొకటి. డ్రాక్యులాకన్న ఇదియే మేలని చెప్పినను తప్పుకాదు.

పండ్రెండేండ్ల క్రింద చేజారిన భూతము పాత్ర 1943లో, అరువదేండ్ల వయస్సున, తుదకు అతనినే వెదకికొని వచ్చెను. ఈమారు భూతమునకు మాటలు కలవు. కన్నులు మాత్రము లేవు. లుగోసీ చేతులు ముందుకు చాచి, తడవుకొనుచు నడచి, ఆ మాటలన్నియు పలికెను. చిత్రించిన పిమ్మట సంస్థవారు ఆ మాటలను తొలగించిరి. భూతము గ్రుడ్డిదని తెలుపు ఘట్టములును వానితోనే పోయెను. చూచువారికి ఆ చాచిన చేతులకు కారణము తెలియలేదు. నటనము మొరటుగా నున్నదనిరి. ఆ ముక్కలును దొరకలేదు. ఆ నడకను మాత్రము తరువాతి అనుకర్తలెల్లరును పట్టుకొనిరి.

కాలినొప్పులకై మొదలిడిన మత్తుమందులు వ్యసనముగా మారెను. 1955 ఏప్రిలులో లుగోసీ తనంతట తానే ప్రభుత్వ వైద్యశాలలో చేరెను. తన వ్యసనమును దాచుకొనలేదు. ఆనాటి సినిమా ప్రపంచమున అది సామాన్యమైన ధైర్యము కాదు. ఆగస్టులో స్వస్థుడై వెలువడి మరల వేషమునకు సిద్ధపడెను. 1956 ఆగస్టు 16వ తేదీన, డెబ్బదిమూడవ యేట మరణించెను. ఇంటివారు డ్రాక్యులా పైవస్త్రముతోనే అతనిని సమాధి చేయించిరి.

1994లో అతని చివరి దినములు ఒక చిత్రమున కథగా వచ్చెను. లుగోసీగా నటించిన మార్టిన్ లాండౌకు ఆస్కారు బహుమానము లభించెను. 1931 జూనునాటి రెండు రీళ్లు మాత్రము నేటివరకు బయటపడలేదు.