పార్కు కాపలాదారు కొడుకు ఆర్థర్ ఆష్

ఈ నెల గొప్పవారి జీవితం రాసే వంతు నాకు వచ్చింది. అల్లూరి సీతారామరాజు గారిది, కొమురం భీముది, అంబేద్కర్ గారిది ఇంతకు ముందే అక్కలు రాసేశారు. అందుకని నేను టెన్నిస్ ఆడిన ఒకాయన గురించి రాస్తున్నాను. ఆయన పేరు ఆర్థర్ ఆష్. అమెరికా దేశస్థుడు, నల్లజాతి మనిషి.

ముందు ఆట సంగతి చెప్పాలి. టెన్నిస్ అంటే మనం ఆడే టెన్నికాయిట్ కాదు, కానీ దానికి చుట్టం అనుకోవచ్చు. మధ్యలో వల ఉంటుంది. రింగు బదులు బంతి, చెయ్యి బదులు రాకెట్టు. ఇటు ఒకరు అటు ఒకరు ఆడితే సింగిల్స్ అంటారు. పాయింట్లు ఒకటి రెండు అని లెక్కపెట్టరు. 15, 30, 40, ఆ తరువాత గేము. ఎందుకట్లా అని పీఈటీ సార్‌ని అడిగితే నవ్వి ఊరుకున్నారు. రెండు గేముల తేడాతో ఆరు గేములు గెలిస్తే ఒక సెట్టు. మగవాళ్ళ పెద్ద పోటీల్లో అయిదు సెట్లలో మూడు గెలవాలి. లండన్‌లో జరిగే వింబుల్డన్ సింగిల్స్‌లో 128 మంది మొదలుపెడతారు. ఓడినవాడు పెట్టె సర్దుకొని ఇంటికి పోవడమే. వరసగా ఏడు ఆటలు గెలిచినవాడు చివరికి ఒక్కడే మిగులుతాడు.

ఆర్థర్ ఆష్ 1943 జూలై 10న వర్జీనియా రాష్ట్రంలో రిచ్‌మండ్ అనే పట్టణంలో పుట్టాడు. వాళ్ళ నాన్న నల్లవారి కోసం ఉన్న బ్రూక్‌ఫీల్డ్ పార్కుకు కాపలాదారు. ఇల్లు కూడా పార్కులోనే. గడప దాటితే టెన్నిస్ కోర్టులే. ఆర్థర్‌కు ఏడేళ్ళు నిండకముందే 1950లో అమ్మ చనిపోయింది. తమ్ముడు జానీ ఇంకా పసివాడు. నాన్న చాలా కఠినంగా పెంచాడు. బడి విడిచిన వెంటనే ఇంటికి రావాలి, దారిలో ఆగకూడదు. బక్కపలచని పిల్లవాడు కాబట్టి ఫుట్‌బాల్ ఆడనివ్వలేదు. పార్కుకు వచ్చే రాన్ చారిటీ అనే కాలేజీ కుర్రవాడు రాకెట్టు పట్టుకోవడం నేర్పాడు.

ఆ రోజుల్లో అక్కడ బడులు వేరు, బస్సులో సీట్లు వేరు, పార్కులు వేరు. ఊళ్ళో బర్డ్ పార్కు అని ఇంకోటి ఉంది. అక్కడ మంచి కోర్టులు ఉన్నాయి గాని తెల్లవారికే. ఆర్థర్‌ను ఆడనివ్వలేదు. ఊళ్ళో తెల్లపిల్లలతో పోటీలో ఆడే అవకాశమే లేదు.

చారిటీ ఆ పిల్లవాణ్ణి లించ్‌బర్గ్‌లో ఉండే డాక్టర్ వాల్టర్ జాన్సన్ దగ్గరకు పంపాడు. ఈయన నల్లజాతి వైద్యుడు. సొంత ఇంట్లో కోర్టు వేసుకొని వేసవి సెలవుల్లో పిల్లలకు అన్నం పెట్టి ఆట నేర్పేవాడు. 1957, 1958లో వింబుల్డన్ ఆడవాళ్ళ సింగిల్స్ గెలిచిన ఆల్థియా గిబ్సన్ కూడా ఆయన చేతికింద నేర్చుకున్నదే. ఆయన దగ్గర ఒక నియమం ఉండేది. ఎదుటివాడు కొట్టిన బంతి గీతకు రెండు అంగుళాల బయట పడినా సరే, లోపల పడినట్టే ఆడాలి. అంపైరుతో వాదించకూడదు. రాకెట్టు విసరకూడదు. బంతిని ఎదుటివాడికి మర్యాదగా అందించాలి.

ఇది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ఎందుకంటే పోయిన సంవత్సరం మేము ఆటల పోటీలకు బయటికి పోయినప్పుడు మేము వేసిన రింగు గీత లోపల పడితే బయట అన్నారు. రెండుసార్లు అన్నారు. మేము ఏమీ మాట్లాడలేదు. చూసేవాళ్ళలో కొందరు మమ్మల్ని ఒక మాట కూడా అన్నారు, అది ఇక్కడ రాయను. రాత్రి డార్మెటరీలో దీని మీదే మాకు మాటలు నడిచాయి. ఒక అక్క, ఊరుకోవడమే మంచిది, నోరు తెరిస్తే వచ్చేసారి రానియ్యరు అంది. డాక్టర్ జాన్సన్ లెక్క కూడా అదేనంట. తెల్లవాళ్ళు నల్లపిల్లలను పోటీ నుంచి తీసేయడానికి సాకు వెతుకుతుంటారు, ఆ సాకు మనం ఇవ్వొద్దు అని. తెలివైన లెక్కే. కానీ నాకు పూర్తిగా నచ్చలేదు. ఎంతకాలం అట్లా బయటి బంతిని లోపల అనుకోవాలి? ఆష్ జీవితం మొత్తం నేను ఆ ప్రశ్నతోనే చదివాను.

చలికాలంలో లోపల ఆడే కోర్టులు రిచ్‌మండ్‌లో నల్లవారికి లేవు. అందుకని 1960లో హైస్కూలు చివరి సంవత్సరం చదువుకు దూరంగా సెయింట్ లూయిస్ పోయాడు. ఇల్లు విడిచి ఇంకొకరి ఇంట్లో ఉండి చదివాడు. అది ఎట్లా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కరలేదు. తరువాత కాలిఫోర్నియాలో పెద్ద యూనివర్సిటీ ఆట మీద స్కాలర్‌షిప్ ఇచ్చింది. 1963లో దేశాల మధ్య జరిగే డేవిస్ కప్ జట్టుకు ఎంపికయ్యాడు. అమెరికా జట్టులో మొదటి నల్లవాడు ఆయనే. 1966లో డిగ్రీ పూర్తిచేసి సైన్యంలో చేరాడు.

1968లో టెన్నిస్ మారింది. అంతకు ముందు డబ్బు తీసుకొని ఆడే ప్రొఫెషనల్స్‌ను పెద్ద పోటీలకు రానిచ్చేవారు కాదు. ఆ ఏడు అందరికీ తలుపు తెరిచారు. న్యూయార్క్‌లోని ఫారెస్ట్ హిల్స్‌లో మొదటి యు.ఎస్. ఓపెన్ జరిగింది. ఫైనల్లో ఆష్, నెదర్లాండ్స్‌కు చెందిన టామ్ ఓకర్ తలపడ్డారు. మొదటి సెట్టే 14-12. అప్పట్లో టైబ్రేక్ లేదు, తేడా వచ్చేదాకా ఆడాల్సిందే. చివరికి 14-12, 5-7, 6-3, 3-6, 6-3 తో ఆష్ గెలిచాడు. అప్పటికి ఆయన సైన్యంలో లెఫ్టినెంటు, అమెచ్యూర్ ఆటగాడు. కాబట్టి 14,000 డాలర్ల బహుమతి ఓడిపోయిన ఓకర్‌కు పోయింది. గెలిచిన ఆష్‌కు రోజుకు 20 డాలర్ల ఖర్చులు. నేను ఈ సంగతి చెబితే మా బెంచీలో ఎవ్వరూ నమ్మలేదు. కప్పు ఇచ్చేటప్పుడు పార్కు కాపలాదారు నాన్న కోర్టులోకి వచ్చి పక్కన నిలబడ్డాడు.

1970లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచాడు. కానీ అందరూ చెప్పుకునేది 1975 వింబుల్డన్ ఫైనల్. ఎదుట జిమ్మీ కానర్స్. 22 ఏళ్ళవాడు, ముందు ఏడాది విజేత. ఆష్‌కు ఇంకో అయిదు రోజులైతే 32 నిండుతాయి. ఆటగాళ్ళ సంఘం గొడవలో కానర్స్ అప్పటికే ఆష్ మీద కోర్టులో దావా వేసి ఉన్నాడు (ఇది ఆడే కోర్టు కాదు, జడ్జి గారుండే కోర్టు). కానర్స్ గెలుస్తాడనే అందరూ అనుకున్నారు. బంతి ఎంత గట్టిగా వస్తే కానర్స్ అంత గట్టిగా తిప్పికొడతాడు. ఆష్‌ది కూడా గట్టిగా కొట్టే ఆటే. ఆ రోజు మాత్రం తన ఆటను పక్కన పెట్టేశాడు. మెత్తగా, తక్కువ ఎత్తులో, కానర్స్ ముందుకు వంగి తీయాల్సినట్టు వేశాడు. సర్వీసు దూరంగా పక్కకు లాగాడు. కానర్స్ వల దగ్గరకు వస్తే తల మీది నుంచి లేపాడు. కానర్స్‌కు కొట్టడానికి వేగమే దొరకలేదు. 6-1, 6-1. మూడో సెట్టు కానర్స్ 7-5 తో లాక్కున్నాడు. నాలుగోది 6-4 తో ఆష్‌ది. గేముల మధ్య కుర్చీలో కూర్చున్నప్పుడు ఆష్ కళ్ళు మూసుకొని ఉండేవాడు. వింబుల్డన్ పురుషుల సింగిల్స్ గెలిచిన మొదటి నల్లజాతి ఆటగాడు ఆయన. 2024 వరకు చూస్తే రెండోవాడు లేడు.

ఇప్పుడు నా ప్రశ్న సంగతి. దక్షిణాఫ్రికాలో అప్పుడు తెల్లవారి పాలన, నల్లవారికి ఓటు కూడా లేదు. అక్కడ ఆడతానంటే ఆష్‌కు వీసా ఇవ్వలేదు. ఆయన మళ్ళీ మళ్ళీ అడిగాడు. 1973లో ఇచ్చారు. ప్రేక్షకులను రంగును బట్టి విడదీయకూడదని షరతు పెట్టి పోయాడు. జొహన్నెస్‌బర్గ్‌లో సింగిల్స్ ఫైనల్లో కానర్స్ చేతిలో ఓడాడు, ఓకర్‌తో కలిసి డబుల్స్ గెలిచాడు. నల్లవారు ఉండే సొవెటోకు కూడా పోయాడు. అక్కడివారిలో కొందరు, నువ్వు రావడమే తప్పు, వాళ్ళకు మంచిపేరు తెచ్చావు అని తిట్టారు. ఒక కుర్రవాడు మాత్రం ఆయన వెనకే తిరిగాడు. స్వేచ్ఛగా ఉన్న నల్లమనిషిని తాను చూడడం అదే మొదటిసారని చెప్పాడంట. ఇక్కడ మన దేశం గురించి ఒక మాట. 1974లో భారత జట్టు డేవిస్ కప్ ఫైనల్‌కు చేరింది. ఎదుట దక్షిణాఫ్రికా. ఆ పాలనకు నిరసనగా మనవాళ్ళు ఆడము అని కప్పే వదులుకున్నారు. తరువాత ఆష్ కూడా బహిష్కరణే సరైనదనే వైపు వచ్చాడు. 1985లో వాషింగ్టన్‌లో దక్షిణాఫ్రికా రాయబార కార్యాలయం ముందు నిరసన చేసి అరెస్టయ్యాడు. రాకెట్టు విసరకూడదని నేర్చుకున్న మనిషి చేతులకు సంకెళ్ళు వేయించుకున్నాడు. నా కోపం అప్పుడు కొంచెం తగ్గింది.

1979లో, 36 ఏళ్ళకే గుండెపోటు వచ్చింది. ఆపరేషన్ అయింది. 1980లో ఆట మానేశాడు. జట్టుకు కెప్టెనై 1981, 1982లో డేవిస్ కప్ గెలిపించాడు. 1983లో గుండెకు రెండో ఆపరేషన్. అప్పుడు ఎక్కించిన రక్తంలో హెచ్‌ఐవి ఉంది. రక్తాన్ని దానికోసం పరీక్షించే పద్ధతి 1985లోగాని రాలేదు. ఆయనకు ఆ సంగతి 1988లో తెలిసింది. భార్య జీన్, చిన్న కూతురు కామెరా ఉన్నారు. పాపను జనం వేరుగా చూస్తారని బయట చెప్పలేదు. 1992లో ఒక పత్రికవాళ్ళకు తెలిసి ఫోన్ చేస్తే, వాళ్ళకంటే ముందు తానే ఏప్రిల్ 8న అందరి ముందు చెప్పేశాడు. మన హాస్టల్లో సికిల్ సెల్ పరీక్షకు నర్సమ్మ వచ్చినప్పుడు, ఎవరికి ఉందని తేలితే వాళ్ళ పక్కన పడుకోమని కొందరు అన్నారు. అది అంటుకునేది కాదని నర్సమ్మ చెప్పినా అన్నారు. అందుకే ఆష్ ఎందుకు దాచాడో నాకు అర్థమయింది. పత్రికవాళ్ళు చేసింది నాకు నచ్చలేదు.

చెప్పేసిన తరువాత కూడా ఆయన ఇంట్లో కూర్చోలేదు. హైతీ నుంచి వచ్చిన నల్లజాతి శరణార్థులను తిప్పి పంపుతున్నారని 1992 సెప్టెంబరులో వైట్‌హౌస్ ముందు నిరసన చేసి మళ్ళీ అరెస్టయ్యాడు. అప్పటికే చాలా నీరసంగా ఉన్నాడు. 1993 ఫిబ్రవరి 6న న్యూయార్క్‌లో చనిపోయాడు. 49 ఏళ్ళు.

నల్లజాతి క్రీడాకారుల చరిత్ర ఎక్కడా సరిగా లేదని తానే వెతికి మూడు సంపుటాల పుస్తకం 1988లో తెచ్చాడు. యు.ఎస్. ఓపెన్ ఫైనల్ ఆడే పెద్ద స్టేడియానికి 1997 నుంచి ఆయన పేరే. రిచ్‌మండ్‌లో 1996లో విగ్రహం పెట్టారు, ఒక చేతిలో పుస్తకాలు, ఒక చేతిలో రాకెట్టు, చుట్టూ పిల్లలు. ఆ వీధిలో అప్పటికి ఉన్నవన్నీ బానిసత్వం ఉంచాలని యుద్ధం చేసిన పక్షం నాయకుల విగ్రహాలు. 2020, 2021లో వాటిని తీసేశారు, ఆష్ విగ్రహం ఉంది. 2019లో ఊళ్ళో ఒక పెద్ద రోడ్డుకు కూడా ఆయన పేరు పెట్టారు. ఆ రోడ్డు పోయేది బర్డ్ పార్కుకే.