కండరంలోని చక్కెర గుట్టు విప్పిన గెర్టీ కోరి

ఐరోపాలో బరువు బండ్లు లాగే గుర్రాలను ఒకప్పుడు ‘సోమవారం జబ్బు’ పీడించేది. ఆదివారం పని లేక, దాణా మాత్రం ఎప్పటిలాగే తిన్న గుర్రం మరునాడు బండికి కట్టగానే చెమటలు కక్కి, తొడ కండరాలు బిగుసుకుపోయి, అడుగు కదపలేక నిలిచిపోయేది. తిన్న తిండి కండరంలో ఏమవుతుందో తెలిస్తే తప్ప ఇటువంటి జబ్బు అంతు చిక్కదు. ఆ సంగతి తేల్చిన వారిలో అగ్రగణ్యురాలు గెర్టీ కోరి. ఆమె గుర్రాలపై పరిశోధన చేయలేదు. దారి మాత్రం వేశారు.

గెర్టీ 1896 ఆగస్టు 15న ప్రాగ్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. తండ్రి ఒట్టో రాడ్నిట్జ్ రసాయన శాస్త్రవేత్త, చక్కెర శుద్ధి కర్మాగారాల నిర్వాహకుడు. ఆ ఇంటి బిడ్డ జీవితమంతా చక్కెర వెంటే నడిచింది! 1920లో వైద్య పట్టా పొంది, అదే ఏడాది సహాధ్యాయి కార్ల్ కోరిని వివాహమాడారు. 1922లో అమెరికాలోని బఫెలో నగరం చేరారు.

శ్రమించే కండరం తనలో దాచుకున్న గ్లైకోజెన్‌ను ఖర్చు చేస్తుంది. అప్పుడు పుట్టిన లాక్టిక్ ఆమ్లం రక్తం ద్వారా కాలేయానికి చేరి, మళ్లీ గ్లూకోజ్‌గా మారి కండరానికి తిరిగి వస్తుంది. 1929లో దంపతులు వివరించిన ఈ రాకపోకలకే ‘కోరి చక్రం’ అని పేరు.

పని ఇద్దరిదీ సమానమే, గౌరవం మాత్రం సమానం కాదు. 1931లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం కార్ల్‌ను ఆచార్యునిగా ఆహ్వానించింది. గెర్టీకి దక్కినది నామమాత్రపు జీతంతో పరిశోధన సహాయకురాలి కొలువు. పూర్తి ఆచార్య పదవి 1947లో గాని రాలేదు. ఆ ఏడాదే నోబెల్ బహుమతి వరించింది. వైద్య విభాగంలో దానిని అందుకున్న తొలి మహిళ ఆమె.

ఆ ఏడాదే ఎముక మజ్జను తినివేసే వ్యాధి కూడా బయటపడింది. తరచూ రక్తం ఎక్కించుకుంటూనే ఆమె ప్రయోగశాలకు వెళ్లేవారు. నీరసించినప్పుడు నడుము వాల్చడానికి తన గదిలోనే చిన్న మంచం వేయించుకున్నారు. ఆ స్థితిలోనే పుట్టుకతో వచ్చే గ్లైకోజెన్ జబ్బులను చేపట్టారు. కాలేయం ఉబ్బిన పసిబిడ్డలలో ఒక ఎంజైమ్ లోపించినదని 1952లో దంపతులు నిరూపించారు. వంశపారంపర్య వ్యాధికి ఎంజైమ్ లోపమే కారణమని చూపిన తొలి సందర్భాలలో ఇదొకటి. కాలేయంతో పాటు కండరాలను కూడా క్షీణింపజేసే మరొక రకానికి నేడు ఆమె ఇంటిపేరే ఉన్నది. 1957 అక్టోబరు 26న ఆమె కన్నుమూశారు.

2008లో అమెరికా పరిశోధకులు గుర్రాలలో గ్లైకోజెన్ తయారుచేసే ఎంజైమ్‌కు సంబంధించిన జన్యువులో ఒక మార్పును కనుగొన్నారు. ఆ మార్పు ఉన్న గుర్రం కండరాలలో అవసరానికి మించి గ్లైకోజెన్ పేరుకుంటుంది. పాతకాలపు సోమవారం జబ్బుకు ఉన్న కారణాలలో ఇదొకటి. తల్లిదండ్రులలో ఒకరి నుండి సంక్రమించినా చాలు, జబ్బు రావచ్చు. అటువంటి గుర్రానికి నేడు గింజల దాణా తగ్గించి గడ్డి పెంచుతారు. ఒక్క రోజు కూడా కదలకుండా కట్టివేయరు.