కీడూ మేలూ ఒకే జన్యువులో – జె.బి.ఎస్. హాల్డేన్ జీవితం

తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే జన్యువుల్లో అప్పుడప్పుడు కొత్త మార్పు జరుగుతుంది. దీన్నే ఉత్పరివర్తనం అని మనం పాఠాల్లో చదువుకున్నాం. అది కీడా, మేలా? ఈ ప్రశ్నకు దారి చూపిన మహనీయుడు హాల్డేన్.

ఆయన 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో జన్మించారు. తండ్రి బొగ్గుగనుల్లోని విషవాయువులపై పరిశోధన చేసిన శాస్త్రవేత్త. హాల్డేన్ చదివింది గణితం, ప్రాచీన భాషలు. సైన్సులో డిగ్రీ లేకుండానే గొప్ప జన్యుశాస్త్రవేత్త అయ్యారు.

గాయమైతే రక్తం గడ్డకట్టని జబ్బు హీమోఫీలియా. ఆ రోజుల్లో ఆ జబ్బున్న పిల్లలు చాలామంది చిన్నతనంలోనే చనిపోయేవారు. అయినా జబ్బు అంతరించలేదంటే కొత్త మార్పులు పుడుతూనే ఉండాలని ఆయన తర్కించారు. ఆ లెక్కతో 1935లో మనిషి జన్యువు ఎంత తరచుగా మారుతుందో అంచనా వేశారు.

తలసీమియా జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తే ప్రాణాంతకం. ఒక్కరి నుంచే వస్తే మలేరియా నుంచి రక్షిస్తుండవచ్చని 1949లో ప్రతిపాదించారు. సికిల్ సెల్ జన్యువు విషయంలో ఇలాంటి రక్షణే ఉందని 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో చూపించారు. మన విశాఖ మన్యంలోనూ మలేరియా ఉంది, సికిల్ సెల్ కూడా ఉంది.

1957లో హాల్డేన్ భార్య హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తా వచ్చి, ఆ తర్వాత భారత పౌరుడయ్యారు. ఆయన శిష్యుడు, పిఠాపురానికి చెందిన కృష్ణ ద్రోణంరాజు మన ఆంధ్రలోని మేనరికాలపై పరిశోధన చేశారు. 1962లో భువనేశ్వర్ చేరిన హాల్డేన్ 1964 డిసెంబరు 1న క్యాన్సర్‌తో కన్నుమూశారు. శరీర కణాల్లో జరిగే ఉత్పరివర్తనాలే క్యాన్సర్‌కు మూలం. ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.

మిత్రులారా! సికిల్ సెల్ జన్యువు ఒక్కటే ఉన్నవారు రోగులు కారు. వారిని చెడు రక్తం అని చిన్నచూపు చూడటం అజ్ఞానం. అయితే అలాంటి ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికంలో ఇద్దరికీ ఒకే జన్యువు ఉండే అవకాశం ఎక్కువ. అందుకే పెళ్లి మాటలకు ముందే రక్తపరీక్ష చేయించుకుందాం, ఇంట్లో పెద్దలకూ నచ్చజెబుదాం. మన ఇళ్లలో ఈ సంగతి చదివి చెప్పగలిగింది మనమే.